ఖల్ఫాన్ తోటలో మగచెట్టు

ఒమన్‌లోని నిజ్వాలో పని అయిపోయిందని కంపెనీ చెప్పిన రోజు క్యాంపులో పెళ్ళింటి సందడి. బడి కట్టారు, ఆసుపత్రికి క్వార్టర్లు కట్టారు, ఇక ఆ ఊళ్ళో కట్టడానికేం మిగిలింది గనక? నడుమ గుండ్రటి పాత కోట, కోట పక్కన బజారు, బజారు చుట్టూ ఖర్జూరపు తోటలు, తోటల వెనక బోడి కొండలు. అన్నీ వాళ్ళ తాతముత్తాతలు ఎప్పుడో కట్టి, నాటి, వెళ్ళిపోయినవే. కొత్తగా లేచేదంతా మస్కట్ దగ్గర, ఖురంలో లేస్తోంది. అందరినీ అక్కడికే తీసుకుపోతాం, నెలకు యాభై అయిదు రియాళ్ళు ఇస్తాం అన్నాడు ఫోర్మన్. నిజ్వాలో ఇచ్చింది ముప్పై అయిదు. అది పందొమ్మిది వందల డెబ్బై ఏడు, అక్టోబరు నెల. పెట్టెలు సర్దుకోవడానికి ఎవరికీ అరగంట పట్టలేదు.

పెద్దులు ఒక్కడే సర్దలేదు.

"ఏందన్నా, మతి గిట్ల తప్పిందా?" అన్నాడు నర్సయ్య. పక్క మంచం వాడు, పక్క ఊరివాడు, తాపీ పని వాడు. "ఇరవై రియాళ్ళు ఎక్కువిస్తమంటే ఒద్దంటున్నవ్."

"ఇరవై ఎక్కువిస్తరు తమ్మీ, ఇరవై అయిదు గుంజుకుంటరు. ఖురంల రూమ్ కిరాయి, మెస్సు, ఆఖరికి తాగే నీళ్ళు గూడ కొనుక్కోవాలెనంట. ఈడ కాలువల నీళ్ళు పారుతయి. ఎవ్వడు పైస అడగడు."

లెక్క తప్పేం కాదు. కానీ పెద్దులు లెక్కల మనిషి అయితేగా! అసలు సంగతి వేరు. పెద్దులు చెట్టు మనిషి.

కోరుట్ల దగ్గరి ఊళ్ళో గౌండ్ల ఇంట పుట్టాడు. పన్నెండో ఏట నడుముకు మోకు కట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఈత చెట్లు ఎక్కి, గీసి, లొట్టి కట్టి, కల్లు దించి బతికాడు. వరసగా రెండు కరువులు వచ్చి వనం ఎండిపోయాక, మిగిలిన నాలుగు చెట్లూ గుత్తేదారు పాలయ్యాక, నలభై రెండో ఏట బొంబాయి ఏజెంటు చేతిలో పడి ఒమన్ వచ్చాడు. వచ్చి రెండేళ్ళు సిమెంటు తట్టలు మోశాడు. ఒక్కరోజు కూడా ఇష్టంగా మోయలేదు. ఎత్తు మీద ఉండాల్సిన మనిషిని నేల మీద పెట్టి, నెత్తిన బరువు పెడితే ఎలా ఉంటుంది మరి?

ఇంటి దగ్గర భార్య లస్మవ్వ బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పొద్దస్తమానం పొగాకు దుమ్ము. దగ్గు పట్టుకుని మూడేళ్ళయింది. వచ్చేటప్పుడు పెద్దులు ఆమెకు ఒకే మాట ఇచ్చాడు, ఆ చాట నీ ఒళ్ళోంచి దింపుతా అని. అతని సంపాదన అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఖల్ఫాన్ పరిచయం కిందటి వేసవిలో అయింది. సైటు గోడకు ఆనుకునే అతని తోట. నలభై ఖర్జూరపు చెట్లు, గెలలు మాగి రాలిపోతున్నాయి, దించే దిక్కు లేదు. ముసలాయనకు మోకాళ్ళు పోయాయి. ఇద్దరు కొడుకుల్లో ఒకడు మస్కట్‌లో పోలీసు, ఒకడు నూనె కంపెనీలో డ్రైవరు. ఊళ్ళో పడుచువాళ్ళంతా అంతే, సర్కారు నౌకరీ దొరికాక చెట్టెక్కేవాడెవడు? పెద్దులు డ్యూటీ దిగి వస్తూ గోడమీంచి చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు. సైటులో తాడు ముక్క తీసుకుని, మోకులా పేని, చెప్పులు విడిచి చకచకా ఎక్కేశాడు. గెల కోసి, తాడుతో మెల్లగా దింపి, ఒక్క కాయ చితకకుండా కింద పెట్టాడు. ఖల్ఫాన్ నోరు తెరుచుకుని చూశాడు. వయసులో ఉండగా ఖర్జూరం అమ్మడానికి బొంబాయి తిరిగినవాడు కాబట్టి నాలుగు హిందీ ముక్కలు వచ్చు. ఆ ముక్కలతోనే, నువ్వు ఎవరి కొడుకువు అని అడిగాడు.

అందుకే కంపెనీ కదిలేటప్పుడు పెద్దులు ఫోర్మన్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. కంపెనీ ఇచ్చిన వీసా కాగితం మార్చి దాకా ఉంది, అందాకా నన్ను ఇక్కడ వదిలెయ్యండి అన్నాడు. పోతే ఒక జీతం మిగిలిందనుకున్నాడో ఏమో, ఫోర్మన్ సరే అన్నాడు. ఖల్ఫాన్ నెలకు ముప్పై రియాళ్ళు ఇస్తానన్నాడు, తోటలోనే మట్టి మిద్దెలో గది ఇచ్చాడు, తిన్నన్ని ఖర్జూరాలన్నాడు. పెద్దులు ఆ నెల లస్మవ్వకు ఇరవై రెండు రియాళ్ళు పంపాడు. క్యాంపు మెస్సుకు పోగా అంతకు ముందెప్పుడూ అంత పంపలేదు.

అయితే బాగుపడే రోజులు పెద్దులు జాతకంలో ఎక్కువ రాసిలేవు. మస్కట్ నుంచి తారురోడ్డు పడ్డాక ఆ రోడ్డుమీద ఏమేం వస్తాయో ఊరికి మెల్లగా తెలిసొచ్చింది. మంచుపెట్టెల్లో చేపలు వచ్చాయి, రేడియోలు వచ్చాయి, వాటితోబాటు మస్కట్ ధరలూ వచ్చి కూర్చున్నాయి. బియ్యం పెరిగింది, ఉల్లిగడ్డ పెరిగింది, కిరసనాయిలు పెరిగింది. కొత్త బడికి ఈజిప్టు నుంచి పంతుళ్ళు దిగారు, వాళ్ళకు ఇళ్ళు కావాలి. ఒక శుక్రవారం ఖల్ఫాన్ పెద్దకొడుకు మస్కట్ నుంచి వచ్చి మిద్దె చుట్టూ తిరిగి చూసి పోయాడు. మర్నాడు ముసలాయన పెద్దులు ముందు తలవంచుకు నిలబడ్డాడు.

"పంతులు నెలకు ఇరవై రియాళ్ళు ఇస్తాడట. కొడుకు మాట కాదనలేను" అన్నాడు.

"ఫికర్ లేదు అర్బాబ్" అన్నాడు పెద్దులు, యజమానిని అక్కడ పిలిచే పిలుపుతో. లోపల మాత్రం పెద్ద ఫికరే పడ్డాడు. బజారు వెనక కూలీల గదుల్లో చోటు చూసుకున్నాడు. కిరాయి ఎనిమిది రియాళ్ళు, తిండి వేరే. ఆ నెల ఇంటికి పది పంపాడు. లస్మవ్వ ఎవరితోనో రాయించిన ఉత్తరంలో, పైసలు తక్కువొచ్చినా మంచిదే, రోజుకు ఇంకో రెండొందల బీడీలు ఎక్కువ చేస్తున్న, నువ్వు మంచిగ తిను అని ఉంది. బజారులో చాయ్ దుకాణం బాబు మియా ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంటే పెద్దులు చాయ్ గ్లాసు పక్కకు నెట్టాడు.

ముసలాయనకు సిగ్గుగానే ఉంది. ఒకరోజు తనంత తానే అన్నాడు. "ఫిబ్రవరిలో చెట్ల పని ఉంటుంది. అది బాగా చెయ్యి. అవగానే నిన్ను ఆఫీసుకు తీసుకుపోయి నా పేరు మీద రెండేళ్ళ కాగితం చేయిస్తా. జీతం నలభై అయిదు."

రెండేళ్ళు, నలభై అయిదు. ఆ కాగితం వస్తే చాట దిగుతుంది. రాకపోతే మార్చిలో ఖురం, మళ్ళీ నెత్తిన తట్ట. ఫిబ్రవరి పని అంటే ఎండుమట్టలు కొట్టి చెట్లు శుభ్రం చెయ్యడమే అనుకున్నాడు పెద్దులు. అంతకన్నా ఏం ఉంటుంది? అడగలేదు. ముప్పై ఏళ్ళు చెట్టెక్కినవాడు చెట్టు గురించి ఇంకొకర్ని అడుగుతాడా?

అడగాల్సింది. అక్కడే మునిగాడు.

డిసెంబరు వచ్చింది. నిజ్వాలో చలి పడింది. తన ఊళ్ళో ఈత గీసే కాలం అదే. తోట చివర గోడవారన ఒక చెట్టుంది. మిగతా చెట్లకన్నా లావు, గుబురు తల, ఒక్క గెల కాయదు. చూడగానే మగచెట్టని గుర్తుపట్టాడు. ఖర్జూరానికీ ఈతకూ అక్కాచెల్లెళ్ళ పోలిక, ఆ మాత్రం తెలియదా? ఊళ్ళో అయితే పోతు ఈతను ఎవడూ లెక్కలోకే తియ్యడు. కాయ లేదు, పండు లేదు, గీసుకోవడానికే పుట్టింది. దీన్ని గీస్తే ఎవడికి నష్టం అనుకున్నాడు పెద్దులు. మొదటి కోత పెట్టేముందు ఎల్లమ్మను తలుచుకుని మొదలుకు మొక్కాడు. కొండవైపు, ఎవరికీ కనపడని పక్క, నాలుగు మట్టలు కొట్టి, మొవ్వ కింద చెక్కి, గీత పెట్టి, డబ్బా కట్టాడు. నాలుగోనాడు పొద్దున్నే డబ్బా నిండా తియ్యటి నీరా. తాగి, చెట్టుమీదే కాసేపు కూర్చుండిపోయాడు. అంత సుఖం అతనికి ఆ దేశంలో ఎప్పుడూ కలగలేదు.

తను తాగి ఊరుకుంటే పోయేది. కిరాయి గుర్తొచ్చింది. గదుల్లో వేరే పనులు చేసుకునే మనవాళ్ళు ఇరవై మంది ఉన్నారు, ఊరి రుచికి మొహం వాచి ఉన్నారు. గ్లాసుకు వంద బైసలు, అంటే రియాలులో పదో వంతు, పెట్టినా ఎగబడ్డారు. జనవరిలో లస్మవ్వకు మళ్ళీ ఇరవై వెళ్ళింది.

బాబు మియాకు వాసన తగలకుండా ఉంటుందా? హైదరాబాదు మనిషి. ఒకరోజు గ్లాసులు కడుగుతూ అన్నాడు. "అరే పెద్దులు భాయ్, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నువ్వు చెట్టు మీదనే ఉన్నవ్. పొద్దుగాల తీపి, పగటిపూట పులుపు, సాయంత్రం జైలు. ఈ దేశంల ఈ దందా వద్దు."

పెద్దులు భయపడ్డాడు. ఆ రోజే డబ్బా విప్పేశాడు, కోతకు పీచు కప్పేశాడు, గదుల్లో వాళ్ళు ఎంత బతిమాలినా లేదన్నాడు. పోలీసుల చేతికి చిక్కకుండా బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాడు. వచ్చే ఆపద ఆ దారిన వస్తుందని అనుకున్నాడు పాపం.

ఫిబ్రవరి రెండో వారం పొద్దున్నే ఖల్ఫాన్ పెద్ద గంప పట్టుకుని వచ్చాడు. మంచి బట్టలు కట్టుకున్నాడు, తలపాగా కొత్తది. తిన్నగా గోడవారనున్న మగచెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఎక్కు. పూత కోసుకురా. ఇవాళ తోటలో పెళ్ళి" అన్నాడు నవ్వుతూ.

పెద్దులుకు అర్థం కాలేదు. ముసలాయన చేతులు తిప్పుతూ విడమరిచి చెప్పాడు. ఆడచెట్లకు పూత వస్తోంది. మగచెట్టు పూత రెమ్మలు తెచ్చి ఒక్కొక్క ఆడగెలలో దోపాలి, చేత్తోనే దోపాలి, నలభై చెట్లకూ. గాలిని నమ్ముకుంటే కాయ నిలవదు. ఈ ఒక్క మగచెట్టే ఈ తోటంతటికీ మొగుడు. మా నాన్న నాటాడు. దీని పూత కోసం పక్క తోటలవాళ్ళు కూడా వచ్చి అడుగుతారు, పైసా తీసుకోకుండా ఇస్తాం, అది మా ఇంటి మర్యాద.

ఊళ్ళో ఈత చెట్లకు ఎవడు చేత్తో పెళ్ళి చేశాడు! గాలి పాపమో పుణ్యమో దాని పని అది చూసుకునేది. పెద్దులు మోకు వేసి ఎక్కాడు. పైకి పోయి చూస్తే తన గీతవైపు పూత పొత్తులు మొదట్లోనే తెగి కుళ్ళి ఉన్నాయి. రెండోవైపువి రెండు మొలిచి, రసం లేక, విచ్చుకోకుండానే ఎండిపోయాయి. గుప్పెడు పూత కూడా లేదు. చెట్టు మాత్రం పచ్చగానే ఉంది. గాయం మానే గాయమే, ఏడాది ఆగితే మళ్ళీ పూస్తుంది. అది అతనికి చూడగానే తెలిసిపోయింది, చెట్టు సంగతి అతనికి ఒకరు చెప్పాలా?

"ఎన్ని ఉన్నాయి?" కిందనుంచి కేకేశాడు ఖల్ఫాన్. గంప చేతిలో పట్టుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

పెద్దులుకు లస్మవ్వ దగ్గు వినపడింది, కాగితం కళ్ళముందు ఆడింది, బాబు మియా చెప్పిన జైలూ గుర్తొచ్చింది. నోటికి ఏదొస్తే అదన్నాడు.

"పురుగు పట్టింది అర్బాబ్. పూతంతా తినేసింది."

గంప కింద పెట్టేశాడు ఖల్ఫాన్. పెద్దులు దిగొచ్చి చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు. తిడితే బాగుండును అనిపించింది. ముసలాయన తిట్టలేదు, అతని భుజమ్మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చేస్తావు, దేవుడి రాత. కానీ పురుగు ఈ చెట్టుతో ఆగదు. రేపటికి నలభైకీ పాకుతుంది. కొట్టెయ్యి. ఇవాళే కొట్టెయ్యి."

పెద్దులు అడ్డం వచ్చాడు. "మందు కొడదాం అర్బాబ్, చూద్దాం" అన్నాడు. "చుట్టు మట్టలు నరికితే సాలు" అన్నాడు. ముసలాయన వినలేదు. పంతులు ఉంటున్న మిద్దెలోంచి తనే గొడ్డలి తెచ్చి చేతిలో పెట్టాడు. గౌండ్లవాళ్ళ చేతికి కత్తి తెలుసు గానీ గొడ్డలి తెలియదు. పాలిచ్చే చెట్టును కొట్టడమంటే వాళ్ళింట్లో కన్నతల్లి మీద చెయ్యెత్తడమే. ఒక్క మాట చాలు అప్పుడు, నేనే చేశాను అనే మాట. నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కాగితం పోతుందే అన్న బుద్ధి ఒకటి లేచి దాన్ని వెనక్కి నెట్టింది. ఏం చేస్తాడు, మనిషికి కడుపుమంట ముందు కళ్ళు కనపడవు. గొడ్డలి ఎత్తాడు.

సాయంత్రానికి చెట్టు పడింది. పడ్డప్పుడు తోటంతా అదిరింది. పంతులు కిటికీ తీసి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

ఖల్ఫాన్ మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా తల దగ్గరికి నడిచాడు. తను ఎక్కడం మానేసిన ఇరవై ఏళ్ళకు ఆ చెట్టు తలను చేత్తో ముట్టుకున్నాడు. పీచు తొలగించాడు. మొవ్వ చీల్చి చూశాడు, తెల్లగా, నీళ్ళూరుతూ ఉంది. పురుగు లేదు, పురుగు తిన్న తొర్రా లేదు. వేళ్ళతో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. అక్కడ చక్కగా, నున్నగా, కొలిచి పెట్టినట్టున్న కోత. అంత అందంగా కోయగలిగిన చెయ్యి నిజ్వాలో ఒక్కటే ఉంది.

"పురుగు ఎక్కడ?" అని అడిగాడు.

పెద్దులు ఏడ్చాడు. నేనే అన్నాడు, నీరా కోసం గీశానన్నాడు, మగచెట్టుకు పని ఉంటుందని తెలియదన్నాడు, కిరాయి అన్నాడు, లస్మవ్వ అన్నాడు. సగం హిందీలో, సగం తెలుగులో, కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు.

ముసలాయన అంతా విన్నాడు. "పొద్దున పైనుంచి దిగగానే ఈ మాట చెప్పాల్సింది" అన్నాడు. "ఒక ఏడాది పూత పోయేది, అంతే. బజారులో కొనుక్కునేవాణ్ణి. నిన్ను తిట్టేవాణ్ణి, వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. కాగితం మాత్రం చేయించేవాణ్ణి. చెట్టూ ఉండేది, నువ్వూ ఉండేవాడివి."

పెద్దులు గొడ్డలిని దూరంగా జరిపాడు.

"నేను ఎక్కలేను. పైన ఏముందో నాకు తెలియదు. నువ్వు చెప్పిందే నాకు తెలుసు" అన్నాడు ఖల్ఫాన్. "ఎక్కినవాడి మాట నమ్మలేకపోతే కిందున్నవాడు తోట ఎట్లా చేస్తాడు, చెప్పు."

పోలీసులకు చెప్పలేదు. కొడుకులకు కూడా చెప్పలేదు. ఆ నెలలో గడిచిన రోజులకు జీతం లెక్కగట్టి చేతిలో పెట్టి, ఖురం పోయే ట్రక్కు ఎప్పుడుందో తనే కనుక్కొచ్చాడు. ఆడచెట్లకు నేను పూత దోపి పోతా, జీతం వద్దు అని పెద్దులు రెండుసార్లు బతిమాలాడు. రెండుసార్లూ ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ట్రక్కు కదిలేటప్పుడు బజారులో పూత రెమ్మలు బేరమాడుతూ కనిపించాడు. బేరం చేతకావడం లేదు ఆయనకు, ఎన్నడూ కొన్నవాడు కాదు.

ఖురంలో నర్సయ్య ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. "ఆఖరుకు బుద్ధొచ్చింది అన్నకు" అని అందరికీ చూపించాడు. యాభై అయిదు రియాళ్ళ జీతం, నాలుగో అంతస్తుకు ఇటికెలు మోసే పని. రూముకు పోగా, మెస్సుకు పోగా, నీళ్ళకు పోగా నెల తిరిగేసరికి చేతిలో మిగిలింది పద్నాలుగు. సముద్రం దగ్గరే ఉంది, చూడాలనిపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నర్సయ్య ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. తనది రాసుకుని పెద్దులుది మొదలుపెట్టాడు.

"నిజ్వా ఎందుకు ఇడ్సిపెట్టినవని వదినె అడుగుతది గద. ఏం రాయాలె?"

"చెట్టు కొట్టిన అని రాయి."

"ఏం చెట్టు?"

"పచ్చటి చెట్టు. రోగం లేనిది. అబద్ధం ఆడి, నా చేతులతోటే కొట్టిన అని రాయి."

నర్సయ్య కలం పక్కన పెట్టాడు. "గట్లెట్ల రాస్తరన్నా? గౌండ్లాయన చెట్టు కొట్టిండంటే ఊళ్ళె ఏమన్న ఉంటదా? చదివేటోడు నలుగురికి చెప్పడా? ఖురంల జీతం ఎక్కువని వచ్చిన అని రాస్త. గదే మంచిది."

పెద్దులు అతని చేతిలోని కాగితం కేసి చూశాడు. నీలం గీతలు, వాటి మీద నల్లటి అక్షరాలు. అందులో ఒక్కటీ తనకు తెలియదు.

"నువ్వు ఏం రాస్తవో నాకు తెల్వది తమ్మీ" అన్నాడు. "నువ్వు చదివి చెప్పిందే నాకు ఎరుక. నేను చెప్పిందే రాయి."

నర్సయ్య మళ్ళీ కలం తీసుకున్నాడు. నాలుగు పంక్తులు రాశాడు. చెప్పింది చెప్పినట్టే రాశానని చదివి వినిపించాడు. పెద్దులు సరేనని తలూపి, కింద వేలిముద్ర వేశాడు.